ముఫ్తా? వక్ఫా? – ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికే సేవలు, మన మాట

(మైపాడులో జరిగిన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు మాకు అప్పగించిన అంశం "ఇంటర్నెట్టులో ఉచితంగా దొరికే సేవలు, వాటిని కనుక్కొనే విధానం". పేరు వినగానే ఇదేదో పట్నంవాళ్ళ సంగతి, మైపాడులో సముద్రపు గాలి పీల్చుకొనే మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. అందుకే ముందుగా, ఇది మనకు ఎందుకు అవసరమో నాలుగు మాటలు మనవి చేసి తరువాత విషయంలోకి వస్తాము.

2020లో బళ్ళు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి, ఫోన్లలో పాఠాలు వచ్చాయి. కాని చాలా ఇళ్ళల్లో ఉన్నది ఒకే ఫోను, అదీ తండ్రి జేబులో. ఆయన పనికి పోతే పాఠం కూడా ఆయన వెంటే పోయేది. ఆ రెండేళ్ళలో వెనకబడిన పిల్లలను మళ్ళీ దారిలో పెట్టడానికి ఎంత శ్రమ పడవలసివచ్చిందో మా వృత్తివాళ్ళందరికీ తెలుసు. తరువాత 2025 జూన్ 6న వక్ఫ్ ఆస్తుల వివరాలు నమోదు చేయడానికి కేంద్ర ప్రభుత్వం "ఉమీద్" అనే పోర్టల్ ప్రారంభించి, ఆరు నెలల గడువు పెట్టింది. చిన్న చిన్న మసీదుల ముతవల్లీలు తాతలనాటి కాగితాలు చంకన పెట్టుకొని, కంప్యూటరు తెలిసిన కుర్రవాడి కోసం ఊళ్ళు తిరిగారు. మసీదు కళ్ళెదుట ఉన్నది, ఖబరస్తాన్ కళ్ళెదుట ఉన్నది. అయినా తెరమీద కనిపించనిదానిని లేనిదిగా లెక్కగట్టే కాలం వచ్చింది గదా!

కనుక మనకు రెండు కావాలి. ఒకటి, ఇంటర్నెట్టులోకి పోయే దారి. రెండు, అక్కడ మనదంటూ ఒక చోటు, అంటే మన మాట మనమే రాసి పెట్టుకొనే పేజీ. ఈ రెండూ డబ్బు లేకుండానో, చాలా తక్కువ డబ్బుతోనో దొరుకుతాయి. అయితే అట్లా దొరికేదంతా ఒకే రకం కాదు. మా ప్రసంగంలో ముఖ్యమైన మాట ఇదే.

ముఫ్త్ వేరు, వక్ఫ్ వేరు

మన ఇళ్ళల్లో "మాలే ముఫ్త్, దిలే బేరహమ్" అనే సామెత ఉన్నది. ఊరికే వచ్చిన సొమ్మును వాడేవాడికి కనికరం ఉండదని దాని భావం. ఇంటర్నెట్టు విషయంలో ఈ సామెతను తిరగేసి కూడా చదువుకోవాలి. ఊరికే ఇచ్చేవాడికి కూడా ఒక్కొక్కసారి కనికరం ఉండదు.

వక్ఫ్ అంటే ఏమిటి? ఒక పుణ్యాత్ముడు బావి తవ్వించి, ఇది నాది కాదు, నా బిడ్డలదీ కాదు, దాహం వేసిన ప్రతి ప్రాణిదీ అని వదిలేస్తాడు. దానిని అమ్మడానికి లేదు, వెనక్కు తీసుకోవడానికి లేదు. పాట్నాలో ఖుదాబక్ష్ సాహెబుగారు తాము కూడబెట్టిన అమూల్యమైన చేతిరాత గ్రంథాలను 1891లో ప్రజలకు అంకితం చేశారు. ఆయన పోయారు. గ్రంథాలయం నేటికీ నిలిచి ఉన్నది. 1969లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఉచితం అనే మాటకు అసలైన అర్థం అది.

ముఫ్త్ సంగతి వేరు. గాలానికి గుచ్చిన ఎర కూడా చేపకు ముఫ్తుగానే దొరుకుతుంది. సముద్రం మీద బతికే మీకు ఇంతకన్న వివరంగా మేము చెప్పనక్కరలేదు.

ఇంటర్నెట్టులో ఈ రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి. మనం ఈనాడు వాడుతున్న వెబ్‌ను స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ అనే శాస్త్రజ్ఞుడు రూపొందించారు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ, దీనిని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చునని ప్రకటించింది. అది బావి తవ్వించి ఊరికి వదలడం వంటిది. ఆ బావి చుట్టూ తరువాత కంపెనీలు కొట్లు తెరిచాయి. కొట్లు తెరవడం తప్పు కాదు. కాని కొట్టు ముందు పెట్టిన మంచినీళ్ళ కుండను చూసి, ఇది ఊరి బావి అనుకొంటే పొరపాటు. కొట్టు మూసిన రోజున కుండ కూడా లోపలికి పోతుంది.

ఇంటర్నెట్టు అందే దారులు

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగం ద్వారా వచ్చింది. ఆ రోజుల్లో అది వేల రూపాయల వ్యవహారం, టెలిఫోను ఉన్న ఇంటికే సాధ్యం. 2000 ప్రాంతంలో కాల్‌టైగర్ అనే సంస్థ, మా ప్రకటనలు చూడండి, ఇంటర్నెట్టు ఊరికే ఇస్తామని ముందుకు వచ్చింది. జనం ఎగబడ్డారు. ఫోను బిల్లు మాత్రం ఎవరిది వారే కట్టుకోవాలి. ప్రకటనల రాబడితో బండి నడవలేదు, ఆ సంస్థ ఎక్కువకాలం నిలవలేదు.

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ సంస్థ, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి, పేదలకు ఉచిత ఇంటర్నెట్టు అంటూ ఒక పథకం తెచ్చింది. తరువాత దానికి "ఫ్రీ బేసిక్స్" అని పేరు పెట్టారు. డబ్బు లేకుండా చూడవచ్చు, కాని వాళ్ళు ఒప్పుకొన్న కొన్ని పేజీలను మాత్రమే. అంటే ఊరి గ్రంథాలయానికి తలుపు తెరిచి, ఈ అలమరలో పుస్తకాలు తప్ప వేరేవి ముట్టుకోవద్దు అన్నట్టు. అన్ని పేజీలకూ దారి సమానంగా ఉండాలని దేశంలో పెద్ద చర్చ జరిగింది. ట్రాయ్ అనే టెలికాం నియంత్రణ సంస్థకు పది లక్షలకు పైగా ఉత్తరాలు ఈమెయిల్‌లో పోయాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, ఒక్కొక్క పేజీకి ఒక్కొక్క ధర పెట్టే పద్ధతి పనికిరాదని ఉత్తర్వు ఇచ్చింది. ఫ్రీ బేసిక్స్ మన దేశంలో ఆగిపోయింది. పేదవాడికి ఇచ్చే ఉచితం తక్కువరకంగా ఉండనక్కరలేదని ఆ ఉత్తర్వు వల్ల తేలింది.

అదే ఏడు సెప్టెంబరు 5న జియో వచ్చింది. డిసెంబరు ఆఖరుదాకా ఉచితం అన్నారు, తరువాత 2017 మార్చి ఆఖరుదాకా పొడిగించారు. ఆ తరువాత డబ్బు కట్టమన్నారు. నిజం చెప్పాలంటే, దానివల్ల దేశమంతటా డేటా ధరలు పడిపోయి, మన పాళెంలో కూడా వీడియో చూడడం సాధ్యమైంది. మేలు మేలే. కాని 2024 జూలైలో పెద్ద కంపెనీలన్నీ ధరలు పెంచినప్పుడు, ఊరికే వచ్చినదానికి అలవాటుపడ్డ ఇల్లు, ఇక అది లేకుండా గడవదని గ్రహించి, కిరాణా ఖర్చులో కోసి రీచార్జి చేసుకొన్నది. ఎర, గాలం అని మేము ముందు అన్నది ఇందుకే.

ఇప్పుడు నికరమైన దారులు చెబుతాము.

ఒకటి, రైల్వే స్టేషన్లలో వైఫై. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో గూగుల్, రైల్‌టెల్ కలిసి దీనిని మొదలుపెట్టాయి. 2018 నాటికి 400 స్టేషన్లకు చేరింది. 2020లో గూగుల్ తప్పుకొంటున్నట్టు ప్రకటించింది. ప్రభుత్వ సంస్థ అయిన రైల్‌టెల్ మాత్రం నడుపుతూ వచ్చింది. 2021లో రోజుకు మొదటి అరగంట ఉచితం, పైన కావలిస్తే కొద్ది రుసుము అనే పద్ధతి పెట్టారు. నెల్లూరు పోయి రైలుకోసం కూర్చొనే మన పిల్లలు ఆ అరగంటను సినిమా పాటలకు కాక పాఠాలు దింపుకోవడానికి వాడుకోవచ్చు.

రెండు, 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం వాణి పథకం. దీని కింద టీ కొట్టు, కిరాణా కొట్టు నడిపేవాడు కూడా లైసెన్సు గొడవ లేకుండా తన కొట్టులో వైఫై పెట్టి, చిన్న మొత్తాలకు అమ్మవచ్చు. పూర్తిగా ఉచితం కాకపోయినా, నెలంతటికీ రీచార్జి చేసుకోలేనివాడికి అయిదు పది రూపాయలతో పని జరుగుతుంది. మన మెయిన్ రోడ్డు మీద కొట్లు పెట్టుకొన్న కుర్రవాళ్ళు దీని సంగతి విచారించాలి.

మూడు, ఇంటికి వైరు. మన రాష్ట్రంలో ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. ఒక ఇంటికి భారమైతే నాలుగిళ్ళు కలిసి, లేదా ఒక సంఘం పెట్టుకొని, ఒకే వైరును పంచుకొనే పద్ధతి అన్నిటికన్న చవక. దీని గురించి చివర మళ్ళీ మనవి చేస్తాము.

మన ఆడపిల్లల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కేరళలో ఫాహీమా షిరీన్ అనే కళాశాల విద్యార్థిని, హాస్టలులో సాయంత్రం కొన్ని గంటలు ఫోను వాడరాదన్న నిబంధనను ఒప్పుకోనందుకు హాస్టలు నుంచి తొలగించబడింది. ఆమె హైకోర్టుకు వెళ్ళింది. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఇంటర్నెట్టు అందుబాటు అనేది చదువుకొనే హక్కులోనూ, వ్యక్తిగత గోప్యత హక్కులోనూ భాగమేనని చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమన్నది. ఫోను చేతిలో ఉంటే బిడ్డ చెడిపోతుందని భయపడే తండ్రులు ఈ తీర్పును ఒకసారి తలచుకోవాలి. భయం సహజమే. కాని భయంతో తలుపు మూస్తే చదువు కూడా బయటే ఉండిపోతుంది. పక్కన కూర్చొని నేర్పడం మంచి పద్ధతి.

అవసరానికి వచ్చే ఉచిత సేవలు

దారి దొరికిన తరువాత లోపల ఏమున్నదో తెలియాలి. మన పాళెంవాళ్ళకు ముందు చెబుతాము. హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు నీటి వేడినీ, నీటి రంగునూ చూసి, చేపలు గుమిగూడే అవకాశం ఉన్న చోట్లను తెలియజేస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉండే 61 రోజులు తప్పించి, మిగతా కాలంలో ఇది డీజిలు ఖర్చు తగ్గించే సమాచారం. తెలుగులోనూ ఇస్తారు, రుసుము లేదు. అలల ఎత్తు హెచ్చరికలు కూడా వాళ్ళే ఇస్తారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన నాడు మన తీరానికి ముందుగా చెప్పే దిక్కు లేదు. 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం ఆ సంస్థలోనే ఏర్పడింది.

చదువుకొనే పిల్లలకు, 2017లో ప్రారంభమైన దీక్షా పోర్టల్ ఉన్నది. ఉర్దూ సాహిత్యం కావాలంటే 2013లో మొదలైన రేఖ్తాలో గాలిబ్ నుంచి నేటి కవులదాకా ఊరికే చదువుకోవచ్చు. హైదరాబాదులో 1998లో స్థాపించిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పాఠాలు యూట్యూబులో ఉన్నాయి. మన నెల్లూరు బజారులో దొరకని పుస్తకం మన అరచేతిలో దొరుకుతున్నది.

ప్రభుత్వ సేవల విషయంలో ఒక మాట. 2025 జనవరి 30న మన రాష్ట్రంలో "మన మిత్ర" పేరుతో వాట్సప్ ద్వారా 161 సేవలు మొదలుపెట్టారు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్లో దరఖాస్తుకు రుసుము లేదు. అయినా మా బడి పిల్లల తల్లులు కొందరు, ఉచితంగా నింపే ఫారానికి నెట్ సెంటర్లో వంద, నూటయాభై ఇచ్చి వస్తున్నారు. "ఏం చేసేదయ్యా, మాకు తెలిస్తే గదా!" అంటారు. నెట్ సెంటరువాడి కష్టానికి కూలి ఇవ్వడం న్యాయమే. కాని ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే బిడ్డ ఉండగా ఆ వంద ఎందుకు పోవాలి? ఇది చదువు తక్కువై పోతున్న డబ్బు కాదు, ధైర్యం తక్కువై పోతున్న డబ్బు.

సొంత పేజీ – బ్లాగు

ఇక రెండో అవసరం, మన చోటు. బ్లాగు అంటే మరేమీ కాదు, ఎవరికి వారు నడుపుకొనే చిన్న పత్రిక. సంపాదకుడు మనమే, రచయిత మనమే. కాగితం ఖర్చు లేదు, అచ్చు ఖర్చు లేదు, పోస్టు ఖర్చు లేదు.

బ్లాగర్ అనే సేవను 1999లో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ ప్రారంభించింది, 2003లో గూగుల్ దానిని కొన్నది. జీమెయిల్ ఉన్న ఎవరైనా అందులో పేజీ పెట్టుకోవచ్చు. వర్డ్‌ప్రెస్ అనేది 2003లో వచ్చిన సాఫ్ట్‌వేరు. ఇక్కడ మేము చెప్పిన భేదం స్పష్టంగా కనిపిస్తుంది. ఆ సాఫ్ట్‌వేరు వక్ఫ్ వంటిది, ఎవరైనా తీసుకొని తమ యంత్రంలో నడుపుకోవచ్చు. 2005లో మొదలైన వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ మాత్రం ఒక కంపెనీ నడిపే సేవ. అందులో ఉచిత ఖాతాకు చోటు తక్కువ, మన రాత పక్కన వాళ్ళ ప్రకటనలు వస్తాయి. రెండూ మంచివే. ఏది ఎవరిదో తెలిసి వాడుకోవాలి, అంతే.

ఎందుకు తెలియాలి అంటారా? జియోసిటీస్ అనే సేవ 1994లో మొదలై, లక్షలాది మందికి ఉచితంగా పేజీలు ఇచ్చింది. 1999లో యాహూ దానిని కొన్నది. 2009 అక్టోబరు 26న మూసివేసింది. ఎందరి కుటుంబ చరిత్రలో, ఎన్ని ఊళ్ళ సంగతులో ఒక్క రోజులో తెరమీదనుంచి పోయాయి. కొందరు స్వచ్ఛంద సేవకులు పరుగెత్తి కొన్నింటిని దాచగలిగారు. 2014 సెప్టెంబరులో ఆర్కుట్ కూడా అట్లాగే పోయింది. మన దేశంలోనే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ పథకంలో తెలుగు, ఉర్దూ పాత పుస్తకాలు వేలకొద్దీ ఉండేవి. ఆ సైటు ఆగిపోయింది. 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని గ్రంథాలయంలో వాటి ప్రతులు చేరి ఉండబట్టి మనం ఇంకా చదువుకోగలుగుతున్నాము. ప్రతి ఉన్నందువల్ల పుస్తకం బతికింది. ఇంకొకటి, రెండేళ్ళు వాడకుండా వదిలిన ఖాతాలను తీసివేసే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలుచేస్తున్నది.

కనుక సూత్రం ఇది. బ్లాగర్లో బ్యాకప్ అని, వర్డ్‌ప్రెస్‌లో ఎక్స్‌పోర్ట్ అని ఒక మీట ఉంటుంది. నెలకొకసారి దానిని నొక్కి మన రాతలన్నీ దింపుకోవాలి. ఒక ప్రతి పెన్‌డ్రైవులో, ఒక ప్రతి వేరే ఇంట్లో, ముఖ్యమైనవి కాగితం మీద అచ్చువేసి సంఘం బీరువాలో. కాగితాన్ని చులకన చేయకండి. కరెంటు లేకపోయినా అది కనిపిస్తుంది.

లిపి సంగతి

తెలుగులో రాయడానికి ఇంగ్లీషు రావాలని కొందరు జంకుతారు. అక్కరలేదు. వీవెన్ అనే పేరుతో ప్రసిద్ధుడైన తెలుగు యువకుడు లేఖిని అనే పనిముట్టు చేసి ఊరికే ఇచ్చారు. ఇంగ్లీషు అక్షరాలలో "అమ్మ" అని కొడితే తెలుగులో "అమ్మ" వస్తుంది. అది వచ్చిన 2006 ప్రాంతంలోనే తెలుగు బ్లాగులు గుంపులుగా పుట్టాయి. ఇప్పుడైతే ఫోనుతోనే తెలుగు కీబోర్డు వస్తున్నది, నోటితో చెబితే రాసే సౌకర్యం కూడా ఉన్నది.

ఉర్దూ సంగతి కొంచెం వేరు, పిల్లలకు ఉర్దూలో పాఠం చెప్పే మాకు అది రోజూ ఎదురయ్యేదే. మన నస్తాలీఖ్ రాత వాలుగా, ఒక అక్షరం మీద ఒకటి ఒదిగి ఉంటుంది. యంత్రానికి అది లొంగలేదు. చెన్నైలో 1927లో మొదలైన "ముసల్మాన్" దినపత్రికను దశాబ్దాల తరబడి కాతిబులు చేతితో రాసి అచ్చువేయించారు. మీర్జా అహ్మద్ జమీల్‌గారి నూరీ నస్తాలీఖ్‌తో 1981లో లాహోరు జంగ్ పత్రిక వచ్చినప్పుడుగాని ఉర్దూ యంత్రం ఎక్కలేదు. 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. అయితే ఇన్‌పేజ్‌లో చేసినదానిని జనం బొమ్మగా మార్చి ఇంటర్నెట్టులో పెట్టేవారు. ఇప్పటికీ మన జల్సాల కరపత్రాలు బొమ్మలుగానే తిరుగుతున్నాయి. చూడడానికి అందంగా ఉంటుంది, వెతికితే మాత్రం దొరకదు. బొమ్మలోని అక్షరం యంత్రానికి గోడమీది సున్నంతో సమానం.

అందుకని తెలుగైనా, ఉర్దూ అయినా యూనికోడ్‌లో కొట్టాలి. నోటో నస్తాలీఖ్ వంటి ఉర్దూ అక్షరాలు ఊరికే దొరుకుతున్నాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో, ఉర్దూ వికీపీడియా 2004 జనవరిలో, దాదాపు ఒకేసారి పుట్టాయి. రెండు భాషలూ వచ్చిన మన పిల్లలకు రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి.

ఏమి రాయాలి?

"రాసేదానికి మన దగ్గర ఏముంది మాస్టరూ?" అని ఒక పెద్దాయన అడిగారు. చాలా ఉన్నది. సయ్యద్ నశీర్ అహమ్మద్‌గారు మన నెల్లూరు జిల్లా పురిణి గ్రామంలో పుట్టినవారు. స్వాతంత్ర్య పోరాటంలో ముస్లిముల పాత్రను గురించి తెలుగులో పుస్తకం తరువాత పుస్తకం రాశారు. తెలుగులో రాసిన ముస్లిం కవుల, రచయితల వివరాలు ఊరూరా సేకరించి 2010లో "అక్షరశిల్పులు" ప్రచురించారు. ఆ గ్రంథం ఇప్పుడు తెలుగు వికీసోర్స్‌లో ఎవరైనా ఊరికే చదువుకొనేటట్టు ఉన్నది. మన జిల్లా బిడ్డ చేసిన పని ఇది. దీనిని మేము విద్యావక్ఫ్ అంటాము. తెలుగు మాట్లాడే ముస్లిముకు చరిత్ర ఉన్నదా అని ఎవరైనా అడిగితే, చూపించడానికి ఒక చోటు ఏర్పడింది.

ఆయన దేశమంతటి చరిత్ర చూశారు. మన ఊరి చరిత్ర మనమే చూసుకోవాలి. ఖబరస్తానులో చెరిగిపోతున్న రాళ్ళమీది పేర్లు ఎవరు రాసిపెడతారు? నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగకు హిందువులు, ముస్లిములు కలిసి పోయి రొట్టెలు మార్చుకొంటారు. పత్రికలు ఏటా ఫోటో వేస్తాయి. మన ఇంటి ముసలమ్మ ఏ కోరిక రొట్టె పట్టుకొన్నదో, తీరిన తరువాత ఎవరి చేతిలో పెట్టిందో పత్రికవాడికి తెలియదు. వలల పేర్లు, గాలుల పేర్లు, చేపల పేర్లు పాళెంలో పెద్దల నోట ఉన్నాయి. మన ఇళ్ళల్లో మాట్లాడే, సగం తెలుగు కలిసిన ఉర్దూ ఏ నిఘంటువులోనూ లేదు. ఆ పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. ఈ పని ఇంకొక పదేళ్ళు వాయిదా వేస్తే రాయడానికి అడిగే మనిషి మిగలడు.

ఒక నియమం గుర్తుంచుకోండి. వికీపీడియాలో మన సొంత పరిశోధన పెట్టనివ్వరు, ముందే ఎక్కడో ప్రచురించిన నమ్మకమైన ఆధారం ఉండాలి. కనుక మొదట మన బ్లాగులో రాయాలి, తరువాత ఈ సంచికవంటి చోట అచ్చువేయాలి. ఊరివాళ్ళు చదివి తప్పులు దిద్దుతారు, పై చరిత్రకారుడికి ముడిసరుకు దొరుకుతుంది.

కొన్ని జాగ్రత్తలు

ఉచితం అని వచ్చే ప్రతి లింకూ నొక్కకండి. ఉచిత రీచార్జి, ఉచిత లాప్‌టాప్ అని వచ్చే వాట్సప్ సందేశాలలో చాలావరకు మోసమే. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేయండి. ఆధార్ ప్రతులు, పింఛను కాగితాలు బ్లాగులో పెట్టకండి. ఆడపిల్లల ఫోటోలు వారి అనుమతి, ఇంటివారి అనుమతి లేకుండా పెట్టకండి. ఇంకొకరి రాతను మన పేరుతో వేసుకొనడం దొంగతనమే. ఒక మతాన్ని, ఒక కులాన్ని నొప్పించే మాట వచ్చిందంటే దానిని పంపడం మన వేలు దగ్గరే ఆగిపోవాలి. పుకారు పంపినవాడు ఇంట్లో కూర్చుంటాడు, దెబ్బలు తగిలేది వీధిలో పోయేవాడికి.

సంఘానికి మనవి

మేము కోరేది పెద్దది కాదు. సంఘం గదిలో ఒక ఇంటర్నెట్టు కనెక్షను పెట్టించండి. ఎవరైనా మార్చుకొని ఇచ్చే పాత కంప్యూటరు ఒకటి చాలు. సాయంత్రం అసర్ నమాజు తరువాత రెండు గంటలు తెరిచి ఉంచాలి. ఒక గంట ఆడపిల్లలకు, ఒక గంట మగపిల్లలకు. తొమ్మిది, పది తరగతుల పిల్లలు నలుగురికి ఫారాలు నింపడం, తెలుగు, ఉర్దూ టైపు చేయడం నేర్పే బాధ్యత మాది, జీతం లేకుండా. వారు వారానికి ఒకరోజు ఊరివాళ్ళ ఫారాలు ఉచితంగా నింపుతారు. నెలకొక పెద్దమనిషి దగ్గర కూర్చొని ఆయన చెప్పింది రాసి సంఘం బ్లాగులో పెడతారు. నెలాఖరుకు ప్రతి తీసి బీరువాలో దాస్తారు. బ్లాగు తాళంచెవి, అంటే పాస్‌వర్డు, ఒక్కరి దగ్గరే ఉండకూడదు. మసీదు హుండీ తాళాలలాగ ఇద్దరి దగ్గర ఉండాలి.

ఆ గదికి పాళెం పిల్లలు కూడా రావాలి, గుడి వీధి పిల్లలు కూడా రావాలి. 1935 ప్రాంతంలో కృష్ణా కాలువలమీద పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరికీ తిప్పినప్పుడు, ఒడ్డున నిలబడినవాడి కులం అడగలేదు. బావి తవ్వించినవాడు కూడా నీళ్ళు తోడుకొనేవాడి పేరు అడగడు.

మనిషి పోయిన తరువాత కూడా ఆగకుండా సాగే పుణ్యాన్ని సదఖా జారియా అంటాము. మేలైన విద్య అందులో ఒకటని మన పెద్దలు చెబుతూ వచ్చారు. కంపెనీ ఇచ్చే ముఫ్త్‌ను తెలివిగా వాడుకొని, మన బిడ్డలకు వక్ఫ్‌గా మిగిల్చిపోయే తౌఫీఖ్‌ను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.

 ఖుదా హాఫిజ్. జై హింద్.